రేవు తవ్విన మట్టి

చెరువులో పూడిక తీయించే రైతు పనికి ముందు రెండు సంగతులు ఆలోచించుకొనును. ఎంత లోతు తీయవలెను? తీసిన మట్టి ఎక్కడ వేయవలెను? మట్టిని గట్టు అంచుననే కుప్పపోసినచో తొలకరి వానకు అది మరల చెరువులోనికే జారును. బండ్లకెత్తి పొలమునకు తోలించినచో అదే మట్టి పైరుకు బలమగును. మట్టి ఒక్కటే, వేసిన చోటును బట్టి అది నష్టమో లాభమో అగుచున్నది.

సముద్రపు రేవులకును ఈ రెండు ప్రశ్నలే వర్తించును. ఓడ నీటిలో ఎంత మునుగునో అంతకంటె కొంత ఎక్కువ లోతు దారిపొడవునా ఉండవలెను. నదులు తెచ్చిన ఒండ్రు, అలలు తెచ్చిన ఇసుక ఆ లోతును ఎప్పటికప్పుడు పూడ్చుచుండును. ఆ పూడికను నీటి అడుగునుండి తీసివేసే ఓడకు డ్రెడ్జరు అని పేరు. ఎంత లోతు తీయవలెనన్న మొదటి ప్రశ్నకు యంత్రము సమాధానము చెప్పగలదు. తీసినది ఎక్కడ వేయవలెనన్న రెండవ ప్రశ్నకు మాత్రము మనిషే సమాధానము వెతుకవలెను. విశాఖపట్టణపు రేవు చరిత్ర చాలవరకు ఈ రెండవ ప్రశ్న చరిత్రయే.

తీరమున్నది, రేవు లేదు

భారతదేశపు తూర్పు తీరము పొడవైనది. కాని ఓడలు నిశ్చింతగా నిలువగల సహజమైన చోటులు అక్కడ చాల తక్కువ. గంగ, మహానది, గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులన్నియు బంగాళాఖాతములోనే కలియుచున్నవి. అవి తెచ్చిన ఒండ్రుతో మొగలు పూడిపోవుచుండును. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు, మరమ్మతుకు పేరుపొందిన రేవు. 1839లో వచ్చిన గొప్ప తుపాను ఆ పట్టణమును దెబ్బతీసినది. ఒండ్రు మిగిలిన పని పూర్తిచేసినది. మచిలీపట్టణములో పెద్ద ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేయవలసివచ్చెడిది. సరకులను పడవలలో చేరవేసెడివారు.

కలకత్తాకు, మద్రాసుకు నడుమ పెద్ద ఓడలు ఒడ్డునానుకొని నిలువగల రేవు ఒకటి ఉండవలెనన్న ఆలోచన 19వ శతాబ్దములోనే పుట్టినది. 1858లో ఒక బ్రిటిషు సర్వే బృందము ఇందుకు విశాఖపట్టణమును సూచించినది. మధ్య పరగణాల ఖనిజ సంపదకు సముద్రద్వారము కావలెనన్నది ఆ ఆలోచనకు ముఖ్య కారణము.

విశాఖపట్టణములో ఉన్నదేమి? దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చియున్నది. నైరుతి దిక్కు నుండి వచ్చే అలల తాకిడిని అది చాలవరకు ఆపును. దానికి ఉత్తరమున చిన్న కొండల వరుస. ఈ రెంటి మధ్య సందులో నుండి మేఘాద్రిగెడ్డ నీరు సముద్రమునకు పోవును. సందు దాటి లోపలికి పోయినచో విశాలమైన ఉప్పు చిత్తడినేల. పోటు వచ్చినపుడు అది నీట మునుగును. పాటు వచ్చినపుడు బురద తేలును. అక్కడ మడచెట్లు, పీతలు, చేపపిల్లలు, బెస్తవారి చిన్న పడవలు తప్ప ఓడలకు తగిన లోతు ఎక్కడను లేదు. ప్రకృతి ఇచ్చినది గాలినుండి, అలలనుండి రక్షణ మాత్రమే. లోతును మనిషి తవ్వుకొనవలెను.

పార నుండి పంపు వరకు

నీటి అడుగున తవ్వుట నేలమీద తవ్వుటకంటె కష్టము. తవ్విన మట్టి పారమీద నిలువదు. నీటిలో కరగి జారిపోవును. అందుచేత పూర్వము కాలువలను ఎండగట్టి, పారలతో తవ్వి, తట్టలతో మోసెడివారు. ఎండగట్టుటకు వీలులేని రేవులలో పొడవైన కర్రకు కట్టిన సంచి వంటి జల్లెడతో అడుగుమట్టిని గీకి పైకి లాగెడివారు.

యంత్రము వైపు మొదటి అడుగులు వేసినవారిలో డచ్చివారు ముఖ్యులు. వారి దేశములో చాల భాగము సముద్రమట్టముకంటె పల్లము. కాలువలు వారికి రోడ్లవంటివి. 16వ శతాబ్దపు చివరి కాలములో వారు బురదమరలను వాడసాగినారు. పడవమీద అమర్చిన ఏటవాలు తొట్టిలో పలకల గొలుసు తిరుగుచు బురదను పైకి ఈడ్చుకొనివచ్చును. మొదట మనుషులు చక్రమును తొక్కి దీనిని నడిపినారు. తరువాత గుఱ్ఱములను కట్టినారు. 18వ శతాబ్దపు చివర ఆవిరియంత్రము వచ్చి గుఱ్ఱముల స్థానమును ఆక్రమించినది. ఇంగ్లండులో సండర్లండు రేవున ఆవిరితో పనిచేసే డ్రెడ్జరు ఆ రోజులలోనే పనిచేసినది. 1805లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆలివర్ ఎవాన్స్ మరియొకటి నిర్మించినాడు.

ఈ యంత్రముల శక్తిని లోకమునకు చాటినది సూయజు కాలువ. తొలి సంవత్సరములలో ఈజిప్టు రైతులను వేలకొలదిగా నిర్బంధించి పారలతో, చేతులతో తవ్వించినారు. 1864 నాటికి ఆ వెట్టిచాకిరి ఆగినది. కంపెనీకి యంత్రములు తప్ప వేరు దారి లేకపోయినది. బోరెల్, లవాలే అనే ఫ్రెంచి ఇంజనీర్లు బొక్కెనల గొలుసుతో పనిచేసే పెద్ద డ్రెడ్జర్లను దింపినారు. తీసిన మట్టిని పొడవైన వాలుతొట్టెల ద్వారా నేరుగా గట్టుకు పారించినారు. మొత్తము సుమారు 7 కోట్ల 50 లక్షల ఘనమీటర్ల మట్టిలో అత్యధిక భాగము యంత్రములు తీసినదే. 1869 నవంబరు 17న కాలువ తెరచినారు. ఆ కాలువలో డ్రెడ్జరు పని నేటికిని ముగియలేదు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే పెద్ద ఓడ గట్టున ఇరుక్కొని ఆరు దినములు దారి మూసివేసినపుడు, దానిని విడిపించుటకు మషూర్ అనే డ్రెడ్జరు సుమారు 30,000 ఘనమీటర్ల ఇసుకను తీయవలసివచ్చినది.

బొక్కెనల తరువాత వచ్చినది పీల్చే డ్రెడ్జరు. 1855లో అమెరికాలోని చార్లెస్టన్ రేవున జనరల్ మౌల్ట్రీ అనే ఓడ పంపుతో ఇసుకను పీల్చి తన కడుపులోనే నింపుకొనినది. ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. సాధారణపు పంపు నీటిని 10 మీటర్లకు మించిన ఎత్తునకు పీల్చలేదని ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎరుగుదురు. అట్లయినచో 20 మీటర్ల లోతునుండి ఇసుకను ఎట్లు పీల్చును?

గొట్టము వెలుపల ఉన్నదియు నీరే. ఆ వెలుపలి నీటి ఒత్తిడి గొట్టములోని నీటిని సముద్రమట్టము వరకు నిలిపియుంచును. కనుక పంపు మోయవలసినది, ఇసుక కలిసినందువలన పెరిగిన అదనపు బరువును మాత్రమే. మిశ్రమము నీటికంటె ఐదవ వంతు బరువెక్కువ అనుకొనినచో, 20 మీటర్ల లోతునకు పడే అదనపు భారము 4 మీటర్ల నీటికి సమానము. గొట్టములో ఘర్షణకు మరికొంత చేరును. లోతు పెరిగిన కొలదిని, మిశ్రమము చిక్కనైన కొలదిని ఈ భారము పెరుగును. అందుచేత చాల లోతైన పనికి పంపును గొట్టము మీదనే, నీటి లోపల అమర్చుదురు. గట్టినేల అయినచో గొట్టము మూతికి పండ్లున్న తిరుగుడు తల నొకదానిని తగిలించి, నేలను కొరికి పొడిచేసి పీల్చుదురు.

పంపు వలన కలిగిన పెద్ద మేలు ఇది: మట్టి ఇప్పుడు పారగల వస్తువైనది. నీటిపై తేలే గొట్టముల వరుస ద్వారా దానిని దూరమునకు పంపవచ్చును. రేవు తవ్వుట, నేల నింపుట అనే రెండు పనులు ఒకే యంత్రము చేయగల పనులైనవి.

చిత్తడినేల రేవైనది

విశాఖపట్టణములో జరిగినది సరిగా ఇదియే. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వమే ఆలోచన ఊపందుకొనినను, యుద్ధము ముగిసిన తరువాతనే పథకమునకు అనుమతి లభించినది. మేఘాద్రిగెడ్డ మొగలో రేవు కట్టవచ్చునని బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ చేసిన సూచనను ప్రభుత్వము అంగీకరించినది. 1927 నుండి 1933 వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ నిర్మాణమును సాగించినది. ఒక రైలు కంపెనీ రేవు కట్టుట వింతగా తోచవచ్చును. కాని మధ్య పరగణాల మాంగనీసు సముద్రము చేరవలెనన్నచో రైలు, రేవు రెండును కావలెను. రాయపూరు నుండి విజయనగరమునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది.

పని స్వరూపమును లెక్కలో చూచినచో సులభముగా తెలియును. 1 కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు గల దారిని 1 మీటరు లోతు చేయవలెననుకొనుడు. తీయవలసిన మట్టి 1 లక్ష ఘనమీటర్లు. దానిని ప్రక్కనున్న పల్లపు నేలమీద 1 మీటరు మందమున పరచినచో 10 హెక్టార్లు, అనగా సుమారు 25 ఎకరములు మెరకయగును. రేవునకు కావలసినది ఒక మీటరు లోతు కాదు, ఎన్నో మీటర్లు. కనుక రేవు తవ్విన కొలదిని దాని చుట్టు నేల పెరుగుచునే యుండును.

కొండల మధ్య సందును ప్రవేశపు కాలువగా వెడల్పుచేసి లోతుచేసినారు. లోపల ఓడలు తిరుగుటకు గుండ్రని మడుగు నొకటి తవ్వినారు. దాని నుండి చిత్తడినేలలోనికి పాయలు సాగినవి. తీసిన బురదను, ఇసుకను గట్టు కట్టిన పల్లములలోనికి పంపుచేసి నింపినారు. నిన్న పోటునీరు ఆడిన చోట నేడు రైలుపట్టాలకు, గిడ్డంగులకు, ఖనిజపు గుట్టలకు చోటు దొరికినది. ఇట్లు నింపిన నేల వెంటనే గట్టిపడదు. బురదలోని నీరు మెల్లగా ఊరి బయటికి పోవలెను. ఆ కాలములో నేల క్రుంగుచుండును. తొందరపడి బరువైన కట్టడములు లేపినచో గోడలు నెఱ్ఱెలు విచ్చును.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ప్రయాణికుల ఓడ జలదుర్గ రేవులోనికి వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించినాడు. నిర్మాణమునకు 378 లక్షల రూపాయలు ఖర్చయినది. ఆనాటి రేవులో మూడు బెర్తులు. ఏటికి 1 లక్షా 30 వేల టన్నుల సరకును చేరవేయగల శక్తి. ఆ లోపలి రేవు ఒడ్డుననే 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. అక్కడ తయారైన జలఉష 1948 మార్చి 14న నీట దిగినది.

కదిలే ఇసుక

లోపలి పని ఇట్లు నెగ్గినది. కాని ఇంజనీర్లను ఎక్కువ భయపెట్టినది లోపలి బురద కాదు, బయటి ఇసుక.

అల సాధారణముగా తీరమునకు ఏటవాలుగా వచ్చును. విరిగిన అల ఇసుకరేణువును ఏటవాలుగా పైకి నెట్టును. వెనుకకు జారే నీరు దానిని నిటారుగా దిగువకు తెచ్చును. ఇట్లు ఒక్కొక్క అలకు రేణువు రంపపు పండ్లవలె వంకరటింకర దారిలో కొంచెము ప్రక్కకు జరుగును. దినమునకు వేలకొలది అలలు. నైరుతి ఋతుపవన కాలములో తూర్పుతీరపు ఇసుక ఉత్తరమునకు నడచును. ఈశాన్య ఋతుపవన కాలములో కొంత దక్షిణమునకు మరలును. సంవత్సరము మొత్తము మీద ఉత్తరపు నడకయే ఎక్కువ. తీరము నిలకడగా ఉన్నట్లు కనబడుటకు కారణము, పోయిన ఇసుకకు బదులు దక్షిణమునుండి ఇసుక వచ్చి చేరుటయే.

ఈ నడకకు అడ్డు కట్టినచో ఏమగునో మద్రాసు అప్పటికే నేర్పినది. 1870ల దశకములో అక్కడ సముద్రములోనికి రాతికట్టలు కట్టి రేవు నిర్మింపసాగినారు. దక్షిణపు కట్టకు తగిలి ఇసుక ఆగినది. మెరీనా తీరము ఏటేట వెడల్పయినది. ఉత్తరమున రాయపురము వైపు కొత్త ఇసుక రాక తీరము కోతకు గురియైనది. రేవునకు తూర్పుముఖముగా ఉన్న ద్వారము ఇసుకవలన చిక్కులు తెచ్చిపెట్టగా, 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానిని మూసి ఈశాన్యముగా వేరొక ద్వారము తెరచినారు.

విశాఖపట్టణములో ఈ పాఠమును మరువలేదు. ఇసుకను ఆపివేయుటకు బదులు, ఒకచోట పట్టి, అక్కడనుండి తీసి ఆవలికి చేరవేయవలెనని తలచినారు. ప్రవేశపు కాలువకు దక్షిణముగా సముద్రగర్భములో ఒక లోతైన గుంట తవ్వినారు. దక్షిణమునుండి నడచివచ్చే ఇసుక కాలువలో పడకముందే ఈ గుంటలో పడును. దీనికి ఇసుక ఉచ్చు అని పేరు. అయితే ఇసుక ఎక్కువగా వచ్చేది సముద్రము అల్లకల్లోలముగా ఉన్న నెలలలోనే. డ్రెడ్జరు నిలువలేనిదియు ఆ నెలలలోనే. అందుచేత దానికి అలల చాటు కావలసివచ్చినది. పాత ఓడలు రెంటిని తెచ్చి, రాళ్ళతో నింపి, అక్కడ ముంచి బ్రేక్ వాటర్‌గా నిలిపినారు. పనికిరాని ఓడలు మునిగి, పనికివచ్చే ఓడలకు కాపలా కాచినవి.

కొచ్చిలో వేరొక సమాధానము

ఇదే కాలములో పడమటి తీరమున కొచ్చిలో మరియొక రేవు పని సాగుచుండెను. ఆ రెండు పనులకు ఒక పేరు ఉమ్మడి. విశాఖపట్టణపు రేవును వైస్రాయిగా ప్రారంభించిన విల్లింగ్డన్, అంతకుముందు మద్రాసు గవర్నరుగా ఉండగా, 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరును కొచ్చికి రప్పించినాడు.

కొచ్చి సమస్య విశాఖపట్టణపు సమస్యకు తలక్రిందులైనది. అక్కడ లోపల విశాలమైన కాయలు ఉన్నది. దాని మొగలో గట్టిపడిన ఇసుకదిబ్బ అడ్డముగా ఉన్నది. ఓడలు దిబ్బ బయటనే నిలిచెడివి. దిబ్బను కోయుటకంటె, కోసినందువలన ఉత్తరపు ఒడ్డుననున్న వైపీన్ తీరము కొట్టుకొనిపోవునేమో అన్నదే పెద్ద శంక. బ్రిస్టో ఏండ్ల తరబడి అలలను, ప్రవాహములను, ఇసుక నడకను గమనించినాడు. తీరరక్షణకు రాతికట్టడములు వేయించినాడు. 1926లో లార్డ్ విల్లింగ్డన్ అనే పేరుతోనే పెద్ద డ్రెడ్జరు వచ్చినది. 1928 మే 26న పద్మ అనే ఓడ కోసిన దారిలో లోపలి రేవునకు చేరినది.

తీసిన మట్టి ఎక్కడికి పోయినది? వెండురుత్తి అనే చిన్న ద్వీపము ప్రక్కన దానిని పోసి సుమారు 780 ఎకరముల కొత్త నేలను సృష్టించినారు. అదే నేటి విల్లింగ్డన్ ద్వీపము. రేవు కార్యాలయములు, రైలుస్టేషను, నౌకాదళపు స్థావరము దానిమీద వెలసినవి. ఒక దారిని తవ్వగా వచ్చిన మట్టి, ఆ దారికి కావలసిన రేవునకు నేలయైనది. అయినను కొచ్చి దారి ఒకసారి తవ్వి విడిచినది కాదు. వర్షకాలమున వచ్చే బురద దానిని మరల మరల పూడ్చుచునే ఉన్నది. నేటికిని ఏటేట తవ్వుచునే ఉన్నారు.

లోతు చేసిన దారి ఎందుకు అంత త్వరగా పూడును? రేణువు ఎంత చిన్నదైన అంత మెల్లగా నీటిలో దిగును. కదలని నీటిలో 10 మీటర్లు దిగుటకు 0.2 మిల్లీమీటర్ల ఇసుకరేణువునకు సుమారు 8 నిమిషములు పట్టును. అందులో పదవ వంతు, అనగా 0.02 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువునకు 7 గంటలు దాటును. ఇక్కడ వ్యాసము పదవ వంతైనచో దిగే వేగము యాభయ్యవ వంతుకంటెను తగ్గుచున్నది. అంత చిన్న రేణువు అలలున్న చోట అడుగునకు చేరనే చేరదు. లోతైన, నెమ్మదియైన దారి దొరికినపుడే దిగును. నీటిని తేర్చుటకు కుండను కదల్చక ఉంచినట్లు, ఓడలకై చేసిన ప్రశాంతమైన మడుగు ఒండ్రును కూడ పిలిచి కూర్చుండబెట్టును. రేవు ఎంత మంచిదైన అంత పూడిక పట్టుట ఇందువలననే.

ఉత్తరపు తీరము అడిగే అప్పు

విశాఖపట్టణపు ఇసుక ఉచ్చు లెక్కప్రకారము మంచి ఉపాయమే. కాని లెక్క సరిపోవలెనన్నచో పట్టిన ఇసుకనంతను ఉత్తరపు తీరమునకు అందజేయవలెను. సముద్రములో లోతైన చోట పారబోసిన ఇసుక తీరమునకు తిరిగి రాదు. రేవు వలన ఉత్తరపు తీరము ఇసుకను కోల్పోవుట కాలక్రమమున కండ్లకు కట్టినట్లు కనబడినది.

1950ల దశకములో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, ఇక్కడి సహాధ్యయనపరులతో కలిసి వాల్తేరు తీరమును కొలిచినాడు. ఇసుకతీరము ఒక్క తీరుగా నిలువదని, ఋతువులతో పాటు తరుగుచు పెరుగుచు ఉండునని ఆ కొలతలు తెలిపినవి. ఈ పరిశీలనకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. తీరమున కదలని గుర్తు నొకదానిని ఎన్నుకొని, అక్కడనుండి నీటి అంచు వరకు నెలకొకసారి పాటు వేళ టేపుతో కొలిచి వ్రాసిపెట్టుకొనిన చాలును. రెండు మూడు సంవత్సరముల లెక్క ఉన్నచో, ఋతువువలన వచ్చే తరుగుకు, తిరిగిరాని తరుగుకు భేదము తెలియును.

1960ల దశకములో బైలడిల్లా ఇనుపఖనిజమునకు రైలుమార్గము వచ్చినది. జపానుకు పోయే ఖనిజపు ఓడలు పరిమాణములో పెరిగినవి. కొండల మధ్య సందు వాటికి చాలలేదు. సముద్రములోనే పొడవైన రాతికట్టలు కట్టి, వాటి నడుమ లోతుచేసి, 1976లో బాహ్య రేవును ప్రారంభించినారు. దేశపు రేవులలో పూడిక తీయుటకు డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినదియు ఆ సంవత్సరమే. దాని ప్రధాన కేంద్రము విశాఖపట్టణము. పెద్ద కట్టలు వచ్చినవి. ఇసుకకు అడ్డును పెద్దదైనది.

అందుచేత ఇసుక ఉచ్చునుండి తీసిన ఇసుకను గొట్టముల ద్వారా, ఓడల ద్వారా రామకృష్ణా బీచి వైపు తీరమునకు చేర్చుట అవసరమైన పనిగా మారినది. దీనిని తీరపోషణ అనవచ్చును. పోసిన ఇసుకను అలలు మరల ఉత్తరమునకు నడిపించును. కనుక ఒక ఏడు పోసి మరుసటి ఏడు మానుటకు వీలు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరమును తాకినపుడు తీరపు రోడ్డు కొన్ని చోట్ల కోతపడినది. ఇసుక పుష్కలముగా ఉన్న తీరమున పెద్ద అల ఇసుకమీదనే తన బలమును కోల్పోవును. ఇసుక పలచబడిన చోట ఆ దెబ్బ నేరుగా గోడకు, రోడ్డుకు తగులును. బెస్తవారికైతే ఇసుక మేర అనగా తెప్ప లాగుకొనే చోటు, వల ఆరబెట్టుకొనే చోటు. రేవులో ఆగిన ఇసుక వారి వాకిటిలో తగ్గిన ఇసుకయే.

మంచి మట్టి, చెడు మట్టి

తీసిన మట్టి అంతయు తీరమునకు పోయదగినది కాదు. బయటి ఇసుక శుభ్రమైనది. లోపలి రేవు సంగతి వేరు. మేఘాద్రిగెడ్డ పరిసరములలో పరిశ్రమలు పెరిగిన తరువాత లోపలి రేవు బురదలో సీసము, తుత్తునాగము, కాడ్మియము వంటి లోహములు చేరినట్లు పరిశోధనలు చూపినవి. అట్టి లోహములు సన్నని రేణువులనే ఎక్కువగా అంటుకొనును. అడుగున కదలక ఉన్నంతకాలము కొంత మేలు. డ్రెడ్జరు కెలికినపుడు అవి నీటిలో కలిసి చేపలలోనికి, చేపలనుండి మనుషులలోనికి ప్రవేశింపవచ్చును. అందుచేత నేడు తవ్వుటకు ముందే అడుగుమట్టిని పరీక్షింపవలెను. సముద్రములో పారబోసే పదార్థములను నియంత్రించుటకు 1972లో లండనులో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. తవ్విన మట్టియు దాని పరిధిలోనిదే.

1927లో చిత్తడినేలను నింపినవారు దానిని పనికిరాని బురదగానే చూచినారు. చిత్తడినేల పోటునీటిని, వరదనీటిని తనలో దాచుకొనుననియు, మడచెట్ల వేళ్ళ నడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుననియు తరువాతి శాస్త్రము వివరముగా చెప్పినది. రేవు లేనిచో విశాఖపట్టణము నేటి నగరము కాకపోవును. అది ఒప్పుకొనవలసిన సంగతి. కాని అక్కడ మెరకచేసిన ప్రతి ఎకరమునకు, నీరు నిలిచే చోటు ఒక ఎకరము తగ్గినదన్నదియు అంతే నిజము.

నూరేండ్ల కాలములో యంత్రము ఎంతయో మారినది. నేటి డ్రెడ్జరు ఉపగ్రహముల సాయముతో తన స్థానమును గుర్తించును. ధ్వనితరంగములతో అడుగు లోతును కొలుచును. నడచుచునే ఇసుకను పీల్చుకొనును. ఎంత తీయవలెనన్న ప్రశ్నకు ఇపుడు అంగుళములలో సమాధానము దొరకును. ఎక్కడ వేయవలెనన్న ప్రశ్నకు సమాధానము మాత్రము ఓడమీద దొరకదు. అది తీరమున, చిత్తడినేలలో, ఉత్తరపు పల్లెలలో కొలిచి తెలిసికొనవలసినది. చెరువు మట్టిని ఏ పొలమునకు తోలవలెనో ఊరివారు కూర్చుండి తేల్చుకొనినట్లే, రేవు మట్టి సంగతియు దాని లాభనష్టములను అనుభవించేవారందరి ఎదుట తేలవలసినదే.